నేర్చినది చేలోకి చేరే దారి: శిక్షణ, కార్యాలయ సంస్కృతి, విస్తరణ సిబ్బంది పనితీరు

సారాంశం

విస్తరణ సిబ్బంది పనితీరు ఆశించినట్లు లేనప్పుడు సాధారణంగా సూచించే మందు మరొక శిక్షణ. అయితే శిక్షణలో నేర్చిన విషయం రైతు పొలంలో ఆచరణగా మారడం, ఆ ఉద్యోగి తిరిగి వెళ్ళే కార్యాలయపు వాతావరణంపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. పై అధికారి ఏమి అడుగుతారు, ఏ పనిని లెక్కిస్తారు, పొరపాటును చెప్పుకున్నవారితో ఎలా వ్యవహరిస్తారు అనేవి ఆ వాతావరణానికి ఆనవాళ్ళు. 1964 నాటి కాకినాడ ప్రయోగాన్ని, శిక్షణ–సందర్శన పద్ధతి అనుభవాన్ని, నగరి ప్రాంత సాగు పరిస్థితులను ఆధారంగా చేసుకుని ఈ వ్యాసం ఆ సంబంధాన్ని వివరిస్తుంది. మండల స్థాయిలో అమలు చేయదగిన సూచనలు చేస్తుంది.

ముఖ్య పదాలు: విస్తరణ సిబ్బంది, శిక్షణ, సంస్థాగత సంస్కృతి, శిక్షణ బదిలీ, పనితీరు, నగరి

ఉపోద్ఘాతం

దక్షిణ రాయలసీమలో తమిళనాడు సరిహద్దును ఆనుకుని, కుశస్థలి నది పరీవాహకంలో ఉన్న నగరి ప్రాంతంలో వరి, చెరకు, వేరుశెనగ, మామిడి ప్రధానమైన పంటలు. నైరుతి రుతుపవనాలతో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలు కూడా ఇక్కడి సాగును నిర్ణయిస్తాయి. బావుల కింద చెరకు, వరి ఉన్న రైతుకూ, వాన మీదనే ఆధారపడి వేరుశెనగ విత్తే రైతుకూ ఒకే ఊరిలో వేర్వేరు సలహాలు కావాలి. విత్తే అదను పోతే ఆ సలహాకు విలువ ఉండదు.

ఆ సలహాను రైతు ముంగిటికి చేర్చే యంత్రాంగం గత కొన్నేళ్ళలో బాగా విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2020 మే 30న 10,641 రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. ఇవే 2024 నుంచి రైతు సేవా కేంద్రాలుగా కొనసాగుతున్నాయి. వ్యవసాయ పట్టభద్రులు, డిప్లొమా పూర్తిచేసినవారు గ్రామ వ్యవసాయ సహాయకులుగా పల్లెల్లోనే పనిచేసే అవకాశం దీనివలన కలిగింది. శాస్త్రవేత్తకూ రైతుకూ మధ్య దూరం కాగితం మీద తగ్గింది. ఆ దూరం పొలంలో కూడా తగ్గాలంటే సహాయకునికి ఎంత తెలుసు అన్నది తేలితే చాలదు. తెలిసినదాన్ని చేసి చూపే వీలు అతనికి ఉందా అన్నది కూడా తేలాలి.

శిక్షణ ఎక్కడ ఆగిపోతుంది?

శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించారు. శిక్షణ నచ్చిందా అన్నది మొదటి మెట్టు. విషయం అర్థమైందా అన్నది రెండవది. పని చేసే తీరు మారిందా అన్నది మూడవది. సంస్థ ఆశించిన ఫలితం వచ్చిందా అన్నది నాలుగవది. సాధారణంగా శిక్షణ ముగింపులో నింపించే అభిప్రాయ పత్రం మొదటి మెట్టును కొలుస్తుంది. చివరి రోజు పెట్టే చిన్న పరీక్ష రెండవదాన్ని కొలుస్తుంది. రైతుకు పనికివచ్చేది మూడవ మెట్టు నుంచే మొదలవుతుంది. దానిని కొలవాలంటే శిక్షణ హాలులో కాక, కొన్ని వారాల తరువాత చేలో నిలబడి చూడాలి.

రెండవ మెట్టుకూ మూడవ మెట్టుకూ మధ్య ఉన్న ఈ అంతరాన్ని 1988లో బాల్డ్విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు ‘శిక్షణ బదిలీ’ సమస్యగా విశ్లేషించారు. నేర్చుకునేవారి గుణగణాలు, శిక్షణను రూపొందించిన తీరు, తిరిగి వెళ్ళే పనిచోటు వాతావరణం అనే మూడు అంశాల మీద బదిలీ ఆధారపడుతుందని వారు చూపారు. మొదటి రెండింటిపై శిక్షణ సంస్థలు శ్రద్ధ పెడతాయి. మూడవది శిక్షణ సంస్థ చేతిలో ఉండదు, మండల కార్యాలయం చేతిలో ఉంటుంది. అందువలననే అది తరచుగా ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోతుంది.

మరచిపోవడం కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసిన విషయమే. నేర్చిన విషయం మొదటి రోజుల్లోనే వేగంగా మరుగున పడుతుందనీ, మధ్యమధ్య మననం చేస్తే నిలుస్తుందనీ జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపారు. మే నెలలో విన్న చీడపీడల పాఠం సెప్టెంబరులో పురుగు కనిపించే నాటికి అలాగే గుర్తుండాలని ఆశించడం ఈ సూత్రానికి విరుద్ధం.

కాకినాడ నేర్పిన పాఠం

ఈ అంశంపై ప్రపంచం మొత్తం చదివిన ప్రయోగాలలో ఒకటి తెలుగునేల మీద జరిగింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ 1964లో కాకినాడకు చెందిన చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో కార్యసాధన ప్రేరణపై శిక్షణ ఇప్పించారు. ఆ తరువాత వారి వ్యాపార వ్యవహారాలను శిక్షణ పొందనివారితో పోల్చి చూశారు. ఫలితాలను విన్‌టర్‌తో కలిసి 1969లో పుస్తకంగా ప్రకటించారు. శిక్షణ పొందినవారు మొత్తంమీద మరింత చురుకుగా వ్యవహరించారన్నది అందరూ చెప్పుకునే ఫలితం.

విస్తరణ శాస్త్ర విద్యార్థులు ఇంకొక ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. తమ వ్యాపారంలో నిర్ణయాలు తామే తీసుకోగలిగినవారిలోనే ఈ మార్పు ప్రధానంగా కనిపించింది. నిర్ణయాధికారం వేరొకరి చేతిలో ఉన్నవారికి అదే శిక్షణ అంతగా ఉపయోగపడలేదు. ప్రేరణ పొందిన మనిషికి ఆ ప్రేరణను ఖర్చు చేసే చోటు కావాలన్నదే దీని అర్థం. గ్రామ వ్యవసాయ సహాయకునికి ఈ విషయం నేరుగా వర్తిస్తుంది. రేపు ఉదయం ఏ పొలానికి వెళ్ళాలో తాను నిర్ణయించుకోలేని ఉద్యోగికి పొలం సందర్శన నైపుణ్యంపై ఇచ్చే శిక్షణ కాకినాడలో నిర్ణయాధికారం లేని వ్యాపారికి ఇచ్చిన శిక్షణ వంటిదే.

శిక్షణ–సందర్శన పద్ధతి అనుభవం

విస్తరణ రంగంలో శిక్షణను, పని వాతావరణాన్ని ఒకే చట్రంలో బిగించిన ప్రయత్నం డేనియల్ బెనార్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతి. భారతదేశంలో 1974లో చంబల్ ఆయకట్టులో ప్రారంభమైన ఈ పద్ధతి, ప్రపంచ బ్యాంకు సహాయంతో 1980వ దశకంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాలకు విస్తరించింది. గ్రామస్థాయి కార్యకర్త పరిధిలోని రైతులను ఎనిమిది బృందాలుగా విభజించి, ప్రతి బృందాన్నీ పదిహేను రోజులకు ఒకసారి ముందుగా ప్రకటించిన రోజున కలవడం ఇందులో నియమం. ప్రతి పక్షంలో ఒక రోజు విషయ నిపుణులు కార్యకర్తలకు రాబోయే రెండు వారాల పనులపై మాత్రమే శిక్షణ ఇచ్చేవారు.

ఈ పద్ధతి బలం పాఠంలో కన్నా అది తెచ్చిన క్రమశిక్షణలో ఎక్కువగా ఉన్నది. కార్యకర్తకు విస్తరణ తప్ప ఇతర పని అప్పగించరాదు. ఆజ్ఞలు ఒకే వరుసలో రావాలి. పై అధికారి తనిఖీ చేయవలసినది రిజిస్టరును కాదు, పొలాన్ని. శిక్షణ రోజు, సందర్శన రోజు రైతుకూ తెలుసు గనుక కార్యకర్త రాకపోతే అడిగే హక్కు రైతుకు ఉండేది. ఈ నియమాలన్నీ సంస్కృతికి సంబంధించినవే.

దాని బలహీనత కూడా సంస్కృతిలోనే బయటపడింది. సందేశం పైనుంచి కిందికి ప్రవహించిందిగాని, కింది అనుభవం పైకి చేరడం తగ్గింది. నీటివసతి ఉన్న వరి, గోధుమ ప్రాంతాలకు సరిపోయిన ఏకరూప సందేశాలు, మెట్టపొలాల వైవిధ్యానికి సరిపోలేదన్న విమర్శ వచ్చింది. సిబ్బంది, పర్యవేక్షణ ఖర్చులను ప్రాజెక్టు నిధులు లేకుండా భరించడం రాష్ట్రాలకు కష్టమైంది. సందర్శన తేదీలు మిగిలినా చెప్పవలసిన కొత్త విషయం మిగలని చోట పద్ధతి లాంఛనంగా మారింది. సమయపాలన ఎంత అవసరమో, ప్రశ్నించే స్వేచ్ఛ కూడా అంతే అవసరమని ఈ అనుభవం తెలియజేస్తుంది.

సంస్కృతి అంటే ఏమిటి?

సంస్థాగత సంస్కృతికి మూడు పొరలు ఉంటాయని ఎడ్గార్ షైన్ 1985లో వివరించారు. బయటకు కనిపించే ఏర్పాట్లు మొదటి పొర. చెప్పుకునే విలువలు రెండవది. ఎవరూ ప్రశ్నించకుండా నమ్మే భావనలు మూడవది. రైతు సేవా కేంద్రంలో గోడమీది పంటల పట్టిక, భూసార పరీక్షల కరపత్రాలు మొదటి పొర. ‘రైతే మాకు ముఖ్యం’ అన్న మాట రెండవ పొర. సాయంత్రంలోగా పంపవలసిన నివేదిక పొలం సందర్శన కన్నా ముఖ్యమని అందరూ చెప్పకుండానే అంగీకరిస్తే, అది మూడవ పొర. రెండవ పొరకూ మూడవ పొరకూ పొత్తు కుదరనప్పుడు ఉద్యోగి మూడవదాని ప్రకారమే నడుస్తాడు.

దీనిని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. వేరుశెనగ విత్తన శుద్ధిపై ఒకే చోట, ఒకే రోజు శిక్షణ పొందిన ఇద్దరు సహాయకులు ఉన్నారనుకుందాం. ఏ మందు ముందు కలపాలి, ఏది తరువాత, నీడలో ఎంతసేపు ఆరబెట్టాలి, పప్పు మీది పలుచని పొర ఊడకుండా ఎలా కలపాలి అనేవి ఇద్దరికీ సమానంగా తెలుసు. మొదటివారి వారాంతపు సమీక్షలో వచ్చే ప్రశ్న: ‘ఈ-పంటలో ఎన్ని ఎకరాలు నమోదయ్యాయి?’ రెండవవారి సమీక్షలో ఆ ప్రశ్నతో పాటు మరొకటి ఉంటుంది: ‘ఎన్ని ఊళ్ళలో విత్తన శుద్ధి చేసి చూపారు? ఎక్కడ కుదరలేదు, ఎందుకు?’ పదును మీద విత్తనం పడే నాలుగైదు రోజుల్లో మొదటివారు తెర ముందు, రెండవవారు కళ్ళం దగ్గర కనిపించడంలో ఆశ్చర్యం లేదు. మొదటివారి ఊరిలో మొదలుకుళ్ళు సోకి మొలకలు చస్తే రైతు మళ్ళీ విత్తనం కొనాలి. వేరుశెనగ సాగు ఖర్చులో విత్తనానిదే పెద్ద వాటా. పైగా అప్పటికి పదును ఆరిపోయి ఉంటుంది. ఇద్దరి జ్ఞానంలో తేడా లేదు, తేడా వారిని అడిగిన ప్రశ్నలో ఉన్నది.

నమోదు అనవసరమని దీని భావం కాదు. పంట నమోదు లేకపోతే బీమా, నష్టపరిహారం, కొనుగోలు అన్నిటా రైతే నష్టపోతాడు. లెక్కకు వచ్చే పని లెక్కకు రాని పనిని మింగివేయకుండా చూడడమే పర్యవేక్షకుని బాధ్యత. సాంకేతిక విషయాల్లో వ్యవసాయశాఖకు, సచివాలయ విధుల్లో మరొక వరుసకు జవాబు చెప్పవలసిన ఉద్యోగి విషయంలో ఈ బాధ్యత మరింత పెరుగుతుంది.

గ్రామీణ సాంఘిక, ఆర్థిక స్థాయిని కొలిచే మాపనం ద్వారా విస్తరణ విద్యార్థులకు పరిచితులైన ఉదయ్ పారీక్, సంస్థల సంస్కృతిని కొలవడానికి ఎనిమిది విలువలను గుర్తించారు. అవి దాపరికం లేకపోవడం, సమస్యను తప్పించుకోకుండా ఎదుర్కోవడం, నమ్మకం, మాటకూ చేతకూ పొంతన, చొరవ, స్వతంత్రత, సహకారం, ప్రయోగశీలత. మండల కార్యాలయాన్ని ఈ ఎనిమిదింటితో తూచి చూడడం కష్టమైన పని కాదు.

పొరపాటును చెప్పగలిగే చోటు

ఎమీ ఎడ్మండ్‌సన్ అమెరికా ఆసుపత్రులలో మందుల పొరపాట్లను అధ్యయనం చేసి 1996లో ప్రకటించిన ఫలితం మొదట వింతగా తోస్తుంది. మంచి నాయకత్వం, పరస్పర సహకారం ఉన్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేశాయని దీని నుంచి చెప్పలేము. అక్కడివారు తప్పును దాచవలసిన అవసరం లేకపోవడమే ఇందుకు సరైన వివరణగా ఆమె సూచించారు. భయం లేకుండా మాట్లాడగలిగే ఈ స్థితి బృందం నేర్చుకోవడానికి పునాది అని 1999లో ఆమె మరింత వివరంగా నిరూపించారు.

విస్తరణలో ఈ విషయం ఇంకా కీలకం. నగరి, ఏకాంబరకుప్పంలోని మరమగ్గాల కార్ఖానాను గమనిస్తే కారణం బోధపడుతుంది. అక్కడ కొత్తగా చేరినవారు పాతవారి పక్కన నిలబడి పని నేర్చుకుంటారు. పడుగు పోగు తెగితే అతకడం తెలియకపోతే ఆ లోపం గుడ్డ మీద వెంటనే కనిపిస్తుంది. పక్కనున్నవారు అక్కడే సరిచేస్తారు. విస్తరణ కార్యకర్త సలహాలోని లోపం అలా కనిపించదు. అది కొన్ని వారాల తరువాత, వేరొకరి పొలంలో, వాన లోపంతోనో తెగులుతోనో కలిసిపోయి బయటపడుతుంది. ఫలితం ఆలస్యంగా కనిపించే ఇటువంటి వృత్తిలో ‘నేను చెప్పినది అక్కడ పని చేయలేదు’ అన్న మాటే శాస్త్రవేత్తకు అందే తొలి సమాచారం. ఆ మాట చెప్పినవారికి మెమో వస్తే, తరువాతి నివేదికలన్నీ ‘నూరు శాతం పూర్తి’ అనే చెబుతాయి. అప్పుడు తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికిగాని, ఏరువాక కేంద్రానికిగాని పొలంలో ఏమి జరిగిందో తెలిసే మార్గం మూసుకుపోతుంది.

మాట కలవాలి

నగరి వంటి సరిహద్దు ప్రాంతంలో భాష కూడా పని సంస్కృతిలో భాగమే. కరపత్రంలోని ‘వేరుశెనగ’ చిత్తూరు పల్లెల్లో ‘శెనక్కాయ’. తమిళం మాట్లాడే ఇళ్ళలో ‘వేర్కడలై’. ఇతర జిల్లాల నుంచి వచ్చిన సహాయకునికి పురుగు శాస్త్రీయ నామం తెలిసి, ఆ ఊరివారు దానిని పిలిచే పేరు తెలియకపోతే సలహా గడప దగ్గరే ఆగుతుంది. ఈ పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు. రైతుల నుంచి, స్థానిక సహోద్యోగుల నుంచి అడిగి రాసుకోవాలి. అడగడాన్ని అజ్ఞానంగా చూడని కార్యాలయంలోనే కొత్త ఉద్యోగి అడుగుతాడు.

ఆచరణకు సూచనలు

1. శిక్షణ పంట దశకు ముందుండాలి. విత్తన శుద్ధి పాఠం విత్తడానికి రెండు వారాల ముందు, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయించే పాఠం తొలి పూతకు ముందు జరగాలి. సంవత్సరానికి ఒకసారి మూడు రోజులు కూర్చోబెట్టడం కన్నా, పక్షానికి ఒక పూట చేతితో చేయించడం మేలు.

2. శిక్షణకు పంపే ముందు మండల వ్యవసాయ అధికారి సహాయకునితో పది నిమిషాలు మాట్లాడి, తిరిగి వచ్చాక ఏ ఊరిలో ఏ పని చేసి చూపాలో నిర్ణయించాలి. తిరిగి వచ్చిన వారంలోనే ఆ పనికి అవకాశం కల్పించాలి.

3. సమీక్షలో మొదటి ప్రశ్న పొలం గురించి ఉండాలి. నమోదు అంకెలు తరువాత రావాలి. ప్రశ్నల వరుస మారితే పనుల వరుస మారుతుంది.

4. వారంలో కనీసం రెండు ఉదయాలు పొలానికి కేటాయించి, వాటిని కేంద్రం గోడమీద ప్రకటించాలి. ఆ సమయంలో అత్యవసరం తప్ప ఇతర పని అప్పగించరాదు.

5. ప్రతి కేంద్రంలో ‘కుదరని సలహాల’ పుస్తకం ఉండాలి. ఏ సలహా, ఏ నేలలో, ఏ కారణంగా రైతు పాటించలేదో, పాటించినా ఫలించలేదో అందులో రాయాలి. దీనిని శిక్షించడానికి వాడరాదు. పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలకు ఇదే ముడిసరుకు కావాలి.

6. పొలంబడి నిర్వహణలో కొత్త సహాయకుని అనుభవజ్ఞుని పక్కన కనీసం ఒక పంటకాలం పనిచేయనివ్వాలి.

పరిశోధక విద్యార్థులకు

ఈ అంశంపై అధ్యయనం చేపట్టేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఉద్యోగి పనితీరుకు కొలమానంగా దిగుబడిని తీసుకోవడం సరికాదు. మెట్ట వేరుశెనగలో దిగుబడిని వాన నిర్ణయించినంతగా సలహా నిర్ణయించదు. సిఫారసు చేసిన పద్ధతిని ఎంతమంది రైతులు, ఎంత విస్తీర్ణంలో, ఎంత సరిగా పాటించారన్నది నమ్మదగిన కొలమానం. సంస్కృతిని గురించి, పనితీరును గురించి ఒకే ఉద్యోగిని ఒకే ప్రశ్నావళితో అడిగితే, రెండింటి మధ్య లేని సంబంధం కూడా ఉన్నట్లు తోస్తుంది. అందువలన వాతావరణం గురించి సిబ్బందిని, పనితీరు గురించి రైతులను విడివిడిగా అడగాలి. కొన్ని పొలాలను స్వయంగా చూడాలి. ఒకే అధికారి కింద పనిచేసే సహాయకుల సమాధానాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి గనుక మండలాన్ని ఒక ప్రమాణంగా తీసుకుని విశ్లేషించడం అవసరం. శిక్షణకు ముందు, తరువాత మాత్రమే కాక పంటకాలం ముగిశాక కూడా కొలిస్తేనే ‘బదిలీ’ తేలుతుంది.

ముగింపు

శిక్షణ ఉద్యోగికి సామర్థ్యాన్ని ఇస్తుంది; ఆ సామర్థ్యం వినియోగంలోకి రావడానికి సమయం, స్వేచ్ఛ, నమ్మకం కావాలి. వీటిని సమకూర్చడానికి కొత్త భవనాలు, కొత్త నిధులు ప్రధానంగా అవసరం లేదు. సమీక్షలో అడిగే ప్రశ్న, వారంలో విడిచిపెట్టే రెండు ఉదయాలు, కుదరలేదన్న మాటను వినే ఓర్పు ప్రతి మండల అధికారి చేతిలోనూ ఉన్నవే. నేటి విద్యార్థులలో పలువురు కొద్ది కాలంలోనే అటువంటి కుర్చీలలో కూర్చుంటారు. తమ కింద పనిచేసేవారికి వారు ఏమి నేర్పిస్తారన్నది ఎంత ముఖ్యమో, నేర్చినదానితో ఏమి చేయనిస్తారన్నది అంతకన్నా ముఖ్యం. రైతుకు అందేది ఆ రెండవదే.